అంచు పాఠంతో మక్తల్ దాకా

బయలుదేరకముందే గొడవ

మక్తల్‌కు ఎందుకు పోయావని అందరూ అడుగుతున్నారు. అక్కడ చూడ్డానికి ఏముందని కూడా అడుగుతున్నారు. పోనివాళ్లే అట్లా అడుగుతారు కాబట్టి వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. నేను చూడ్డానికి పోలేదు. నా పాఠాన్ని కాపాడుకోవడానికి పోయాను.

నా పేరు అండాలు. మాది రామన్నపేట. సర్కారు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఫిజిక్స్ మేడం పేరు అండాలు అనగానే హైదరాబాదులో కొందరు నవ్వు ఆపుకుంటారు, కొందరు ఆపుకోరు. అది మా అవ్వ పేరు. మార్చుకునే ఉద్దేశం నాకు లేదు.

ఇక గొడవ సంగతి. తెలుగు మీడియంలో డిగ్రీ చదివే పిల్లలకు కొత్త ఫిజిక్స్ పుస్తకం రాయాలని హైదరాబాదులో ఒక కమిటీ కూర్చుంది. నాతో కలిపి ఎనిమిది మందిమి. నా వాటాకు వచ్చింది చివరి పాఠం, తొమ్మిది పేజీలు. క్వాంటం హాల్ స్థితి అనేదొకటి ఉంది. ఆ స్థితిలో కరెంటు మధ్యలోంచి కాకుండా అంచుల వెంట ఎందుకు నడుస్తుందో చెప్పే పాఠం అది. ఆరేళ్లు ల్యాబులో కూర్చుని నేను నేర్చుకున్నదంతా ఆ తొమ్మిది పేజీల్లో పెట్టాను.

కమిటీ పెద్దసారు దాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి చదివి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"పాఠం బాగుందమ్మా. కానీ మీ వైపు పిల్లలకు ఇది ఎక్కదు. అందులోనూ తెలుగులో. దీన్ని తీసేసి నాలుగు లెక్కలు పెడదాం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మీ వైపంటే ఏ వైపు సార్?"

"నల్లగొండ, పాలమూరు... నీకు తెలియనిదేముంది?"

కోపమొస్తే నాకు పుస్తకాల భాష రాదు, ఇంటి భాషే వస్తుంది. "సోమవారం దాకా టైమియ్యుండ్రి సార్. రామన్నపేట కాడికెంచి మక్తల్ దాకా పోత. కాలేజీ గడప తొక్కని ఒక్క మనిషికి గీ పాఠం చెప్త. ఆ మనిషికి సమజైందని సాక్ష్యం తెస్త. తేకపోతే నా చేతితోని నేనే కొట్టేస్త."

"సాక్ష్యమంటే? పాపం, మొహమాటానికి తలూపితే సరిపోదు."

"తలూపుడు కాదు. మీరు కాదనలేని సాక్ష్యం."

వరండాలోకి వచ్చాక గానీ నేను ఏమన్నానో నాకు తెలిసిరాలేదు. అది బుధవారం. నా చేతిలో ఉన్నవి నాలుగు రోజులు, ఒక సంచి, పాఠంలోని బొమ్మ ఒకటి.

ఆ పాఠమేమిటో మీకూ చెప్పేస్తాను, భయపడకండి. కాగితంకన్నా ఎన్నో రెట్లు పలచని పొర ఒకటి అనుకోండి. అందులో ఎలక్ట్రాన్లు ఉన్నాయి. పైకీ కిందికీ పోవడానికి వాటికి జాగా లేదు. ఆ పొరను బాగా చల్లబరిచి, దానిమీద బలమైన అయస్కాంతం పెడితే ప్రతి ఎలక్ట్రానూ గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఉన్నది ఎంత తిరిగినా ఉన్నచోటే ఉంటుంది. అంచున ఉన్నదానికి మాత్రం ఆ చుట్టు పూర్తికాదు. గోడ తగులుతుంది, మళ్లీ వంగుతుంది, మళ్లీ గోడ. అట్లా గోడ పట్టుకుని ముందుకు పోతుంది. అయస్కాంతం ఎప్పుడూ ఒకే చేతివైపు వంచుతుంది కనక అది వెనక్కి మళ్లలేదు. దారిలో చెత్త అడ్డమొస్తే దాన్ని చుట్టివచ్చి మళ్లీ దారిలో పడుతుంది. అందుకే పొర కొంచెం బాగున్నా బాగలేకున్నా, ఏ దేశంలో కొలిచినా, దానికి అడ్డంగా కొలిచిన నిరోధం కచ్చితంగా అవే అంకెల మెట్లమీద నిలబడుతుంది. లోకమంతా నిరోధాన్ని సరిచూసుకునే తూకంరాయి ఇప్పుడు అదే. అంతే పాఠం. ఇది మా పిల్లలకు ఎక్కదట!

రామన్నపేట నుంచి నల్లగొండ: నేరేడు పండ్లు

గురువారం పొద్దున బస్సెక్కాను. మిరుగు కార్తె వానలు రెండు పడి మట్టివాసన ఇంకా పోలేదు. మా రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్. డబ్బులుండవు కానీ టికెట్ మాత్రం ఉంటుంది, అది పారేసుకుంటే కండక్టర్ ఊరుకోడు. ఉచితం కావడంతో బస్సు నిండా మేమే. మగవాళ్లు కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు.

నా పక్కన ఒకామె నేరేడు పండ్ల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నల్లగొండలో అమ్ముకోవడానికి పోతోంది. నేను మొదలుపెట్టాను. ఎట్లా మొదలుపెట్టానో చెబితే మీరు నవ్వుతారు. "ద్విమితీయ ఎలక్ట్రాన్ వ్యవస్థను లంబ అయస్కాంత క్షేత్రంలో ఉంచినప్పుడు..." అన్నాను. పాఠంలో మొదటి వాక్యం అదే మరి.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఏందమ్మా, బీమాదా?" అంది.

"కాదక్కా, కరెంటు ముచ్చట."

"మా ఇంటికి మీటరు ఉన్నది బిడ్డా. బిల్లు గడ్తనే ఉన్నం."

నేను పట్టు వదల్లేదు. వ్యవస్థ నుంచి స్థితికి, స్థితి నుంచి శక్తిమట్టాలకు వచ్చేసరికి ఆమె తల నా భుజంమీద వాలింది. గురక కూడా మొదలైంది. నల్లగొండలో దిగేటప్పుడు మాత్రం గుప్పెడు పండ్లు నా చేతిలో పోసి, "పాపం, గొంతెండి పోయుంటది, తిను" అంది. నాలుక నీలంగా అయ్యేదాకా తిన్నాను. పెద్దసారు చూసుంటే ఆ నిద్రనే సాక్ష్యమనేవారు. నాకు ఆమెమీద కోపం రాలేదు. నా మొదటి వాక్యం మీద వచ్చింది. సంచిలోంచి కాగితాలు తీసి ఆ వాక్యాన్ని అక్కడే, బస్టాండు బెంచీమీద కూర్చుని కొట్టేశాను.

గడియారం సెంటర్

నల్లగొండకు నేను వందసార్లు వచ్చి ఉంటాను. కానీ పనిలేకుండా ఎప్పుడూ రాలేదు. పనిలేకుండా వస్తే ఊరు వేరేగా కనబడుతుంది. గడియారం సెంటర్ దగ్గర మిర్చీలు వేసేవాడి బండి ముందు నిలబడ్డాను. ప్లేటు ఇరవై, నాలుగు మిర్చీలు. మా రామన్నపేటలో అదే ఇరవైకి ఐదు వేస్తారు. ఆ మాట అన్నాను.

"అయితే రామన్నపేట వోయి తిను అక్కా. కిరాయి గూడ లేదాయె" అన్నాడు. మీసాలున్న మనిషి, యాభై దాటి ఉంటాయి, చేతిలో జల్లిగంటె.

ఈసారి కాగితం తీయలేదు. నూనె మూకుడు చూపిస్తూ మొదలుపెట్టాను. మధ్యలో తిరిగేవి మధ్యలోనే తిరుగుతాయి, అంచున ఉన్నవి గోడ పట్టుకుని పోతాయి అని. అతను నా మాట వింటూనే మిర్చీలు తిప్పాడు.

"మరి ఎరుకనే గదా. అంచున ఉన్నయి దబ్బున కాల్తయి" అన్నాడు.

"కాలుడు కాదు అన్నా, నడుసుడు."

"నా మూకుట్ల నడువయి అక్కా. నడిస్తే గిరాకీ ఉరుకుతది." ప్లేటు నా ముందు పెట్టి, "గది సరే గనీ, గిదంత తెలుసుకుంటే ఏమొస్తది?" అన్నాడు.

ఆ ప్రశ్న కమిటీలో ఒక్కరూ అడగలేదు. అప్పుడు తూకంరాయి సంగతి చెప్పాను. తూకానికి వాడే ఇనప బాట్లు అరుగుతాయి, తుప్పు పడతాయి, ఒక్కో కొట్టులో ఒక్కో బరువు తూగుతాయి. ఈ అంచు నడక మాత్రం ఎక్కడ కొలిచినా ఒకటే, అరగదు, తుప్పు పట్టదు అన్నాను.

అతను జల్లిగంటె పక్కన పెట్టాడు. "అరుగని బాటా? గది మంచిగున్నది. మార్కెట్ల పెట్టించు, శాన మంది బతుకుతరు."

ఎందుకో తెలిసింది కానీ ఎట్లాగో తెలియలేదు. సగం. సగానికి సాక్ష్యం ఇస్తారా? ఇవ్వరు. ఐదో మిర్చీ మాత్రం అతనే వేశాడు, అడగకుండానే.

కల్వకుర్తి దారిలో

శుక్రవారం దేవరకొండ దాటాక బస్సు ఆగిపోయింది. డ్రైవర్ కిందికి దిగి ఇంజను తెరిచి, దాన్ని తిట్టి, మళ్లీ మూశాడు. ఇంకో బస్సు వచ్చేదాకా అందరం ఒక వేపచెట్టు కింద కూర్చున్నాం. ఇరవైమంది ఆడవాళ్లు, చేతిలో పనిలేదు. ఇంతకన్నా మంచి క్లాసు నాకు కాలేజీలో కూడా దొరకదు.

మట్టిలో పుల్లతో గీసి చెప్పాను. మధ్యలో చుట్లు, అంచున గెంతులు. అందరూ విన్నారు. పసుపుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ చేతులు తట్టింది.

"అంటే నడుమల ఉన్నోళ్లది ఉత్తగ గిరగిర తిరుగుడే, అంచుల ఉన్నోళ్లే పని జేసుడు. గంతేనా?" అంది. "మా తండ్లాట గూడ గంతే గద!"

చెట్టు కింద నవ్వులే నవ్వులు. నాకూ నవ్వొచ్చింది. ఒక్క క్షణం, ఇదే సాక్ష్యం అనుకున్నాను. ఆ తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. ఎలక్ట్రాన్లకు హైదరాబాదూ తెలియదు, పాలమూరూ తెలియదు. వాటి నెత్తిన మన బాధలు పెట్టి చప్పట్లు కొడితే అది అర్థమవడం కాదు. "మరి అంచున రాయుంటే ఏమైతది అక్కా?" అని తిప్పి అడిగాను. "రాయుంటే ఆగుతది, ఇంకేమైతది" అంది ఆవిడ. అది తప్పు. ఇంతలో బస్సు వచ్చింది.

కల్వకుర్తిలో దిగేసరికి తల పగిలిపోతోంది. శ్రీశైలం పోయే బండ్లన్నీ ఆ రోడ్డుమీదే హారన్లు కొడుతూ పోతాయి. మందుల షాపులోకి వెళ్లి గోలీ అడిగాను. షాపతను నా చేతిలోని కాగితాలు చూసి, మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఏమిటవి అని అడిగాడు. చెప్పాను. తానూ తెలుగు మీడియంలోనే చదివానని, ఫిజిక్స్ అంటే ఇష్టముండేదని అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కానీ ఎందుకు మేడం గీ తిప్పలు?" అన్నాడు వెంటనే. "గివన్నీ ఇంగ్లీష్‌ల సదవాలె. పెద్దపెద్దోళ్ల సదువులు. మనకెందుకు?"

పెద్దసారు "మీ వైపు" అన్నప్పుడు ఒళ్లు మండింది. ఇతను "మనకెందుకు" అన్నప్పుడు కాగితాలు మడిచి సంచిలో పెట్టేశాను. ఎట్లా తిట్టను? మనిషి మంచివాడు, నీళ్లిచ్చాడు, గోలీకి డబ్బులు కూడా వద్దన్నాడు. నేను బలవంతంగా ఇచ్చాను. "మనకెందుకో నేను అచ్చేసి పంపిస్త. సదువు" అని మాత్రం అని బయటపడ్డాను. అన్నాను గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

పాలమూరు

మహబూబ్‌నగర్ అని బోర్డుమీద ఉంటుంది, నోట్లో మాత్రం పాలమూరే. మా నల్లగొండ వైపు ఇప్పుడు అందరం అన్నానికి అలవాటు పడ్డాం. ఇక్కడ జొన్నరొట్టె లేకపోతే తిన్నట్టు కాదు. బస్టాండు ఎదురుగా ఒకామె పొయ్యి దగ్గర కూర్చుని, రెండు చేతుల మధ్య పిండి తిప్పుతూ రొట్టె పెద్దది చేస్తోంది. కర్ర లేదు, పీట లేదు. రొట్టె పదిహేను, పుంటికూర, అంటే గోంగూర పప్పు ఊరికే. నేను మూడు తిన్నాను. నాలుగోది నా మొహం చూసి ఆమే వేసింది.

ఆ శనివారం పాలమూరులో ఐదుగురికి చెప్పాను. ఒకాయన ఓటు అడగడానికి వచ్చాననుకున్నాడు. ఒకామె తన కొడుకు ఉద్యోగం సంగతి చూడమంది. మిగిలిన ముగ్గురూ తలూపారు. పెద్దసారు చెప్పిన తలూపుడే అది. ఎంత మర్యాదగా ఊపారంటే ఏడుపొచ్చింది.

లాడ్జి గదిలో కిటికీ దగ్గర కూర్చుని పాఠం ముందు పెట్టుకున్నాను. ఇంకా పొద్దు గుంకలేదు. పెన్ను మూత తీశాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా అడ్డంగా ఒక్క గీత చాలు, పీడా పోతుంది. కానీ నా నోటితో నేనే మక్తల్ దాకా అన్నాను. పాలమూరు దాకా అనలేదు. ఒక ఊరు ముందే ఓడిపోతే ఆ ఒక్క ఊరు నన్ను బతికినన్నాళ్లూ అడుగుతుంది. పెన్ను మూత పెట్టేశాను.

మక్తల్: బాలమ్మ కొండ్ర

మక్తల్ కర్ణాటకకు ఆనుకుని ఉంటుంది. బస్సులో సగం మాట తెలుగు, సగం కన్నడం, రెండింటి మధ్య ఎవరికీ ఇబ్బంది లేదు. ఆదివారం పొద్దున, చేలల్లో ఎవరైనా దొరుకుతారని ఊరు రాకముందే దిగాను. రోడ్డు పక్క చేనులో ఒక ఆడమనిషి నాగలితో దున్నుతూ కనబడింది. మా వైపు ట్రాక్టర్లు వచ్చాక నాగలే తక్కువ, ఆడది నాగలి పట్టడం నేనెన్నడూ చూడలేదు. చూస్తూ చేనులోకి రెండడుగులు వేశాను. తడిసిన నల్లరేగడి నా చెప్పును పట్టుకుంది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. లాగితే తెగింది.

"ఎవరమ్మా నువ్వు, చేన్ల పడి కొట్లాడ్తున్నవ్?" అని ఆమె ఎద్దుల్ని ఆపింది.

పేరు బాలమ్మ. యాభై ఐదేళ్లుంటాయి. నన్ను గట్టుమీద కూర్చోబెట్టి, చెప్పును తాడుతో కట్టింది. సద్దిమూట విప్పి జొన్నరొట్టెమీద ఎల్లిపాయ కారం వేసి నా చేతిలో పెట్టింది. ఎందుకు వచ్చావని అప్పటిదాకా అడగలేదు. మా వైపు ముందు అడిగి తర్వాత పెడతారు. ఇక్కడ ముందు పెట్టారు.

"నువ్వే దున్నుతవా పెద్దమ్మా?" అన్నాను.

"మా ఆయనకు నడుము పట్టేసి ఐదేండ్లాయె. ఆడది నాగలి వడితే వానలు వడవన్నరు ఊరోళ్లు. ఐదేండ్ల సంది నేనే పడ్తున్న. వానలూ పడ్తనే ఉన్నయి." నవ్వింది. "అననీ. అన్నోని నోరు నొస్తది, నాకేంది?"

అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. పాఠం మొత్తం చెప్పాను. ఒక్క పుస్తకం మాట లేకుండా చెప్పాను. నాలుగు రోజుల్లో ఎవరెవరి దగ్గర ఏ మాట పారిందో ఆ మాటలే వాడాను. చివరికి బొమ్మ తీసి గట్టుమీద పరిచాను. పొడుగాటి పట్టీ, నడుమ చుట్లు, పై అంచునా కింది అంచునా బాణాలు.

బాలమ్మ రొట్టె నములుతూ బొమ్మను చూసింది. చాలాసేపు చూసింది.

"గీ బొమ్మ తప్పున్నది బిడ్డా" అంది.

నాకు కోపమొచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. ఆరేళ్లు చదివినదాన్ని నేను. "తప్పెట్లైతది పెద్దమ్మా? నేనే గీసిన" అన్నాను.

"గీ ఒడ్డు మీద బాణం గట్ల పోతాంది. గా ఒడ్డు మీదిదీ గట్లనే పోతాంది. మరి అరక మర్లి రావద్దా?"

"ఎద్దుల అరకకు గీ బొమ్మకు ఏం సంబంధం?"

"నువ్వే చెప్తివి గద, ఒక్క చేతిదిక్కే మళ్లుతదని. గిటు రా." నన్ను లేపి చేనులోకి తీసుకుపోయింది. దున్నేటప్పుడు చేనును పట్టీలుగా చేసుకుంటారు. పట్టీకి చుట్టూ ముందు ఒక నాగటి చాలు తోలి, ఆ చాలు వెంటే లోపలికి లోపలికి దున్నుకుంటూ వస్తారు. ఆ పట్టీ పేరు కొండ్ర. బాలమ్మ ముల్లుకర్రతో చూపించింది. "గీ ఒడ్డుకు తూర్పు దిక్కు పోయిన. నా ఎద్దులు ఎడమకే మళ్లుతయి. ఎడమ దిక్కు దాపటిది నిలబడ్తది, కుడి దిక్కు ఎలపటిది చుట్టు తిరుగుతది. మళ్లినంక గా ఒడ్డుకు ఎటొస్తయి? పడమటికే గద! రెండొడ్లకూ తూర్పుకే పోవాలంటే ఒకపాలి ఎడమకు, ఒకపాలి కుడికి మలపాలె. నీ అయస్కాంతం గట్ల చేస్తదా?"

చెయ్యదు. ఎన్నటికీ చెయ్యదు.

తాడు కట్టిన చెప్పుతో ఆ బురదలో నిలబడిపోయాను. ఎదురెదురు అంచుల్లో నడక ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. పాఠానికి ప్రాణం అదే. చేత్తో నేను సరిగ్గానే గీశాను. కంప్యూటర్లో గీసేటప్పుడు పై బాణాల్నే తీసి కింద అతికించాను. అతికించి, మూడుసార్లు సరిచూసి కూడా దాటేశాను. నాకు ముందే తెలుసు కదా, ఉన్నది చూడలేదు, ఉండాల్సింది చూశాను. కమిటీలో ఏడుగురు చదివారు. వాళ్లూ చూడలేదు.

"మరి పోయినయన్నీ మర్లొస్తే నీ కరెంటుకు ఏం మిగిలింది?" అంది బాలమ్మ. వదిలేటట్టు లేదు.

"పోయేటివి ఎక్కువ, వచ్చేటివి తక్కువ ఉంటయి పెద్దమ్మా. గా తేడానే కరెంటు."

"ఎరువు బండి లెక్క. నిండుగ వోయి ఖాళీగ వచ్చుడు."

"రాయి అడ్డమొస్తే?" అన్నాను.

"చుట్టు తిప్పుకొని మళ్ల చాల్ల వడ్త. రాయుందని ఎవరన్న ఇంటికి పోతరా?" ఎద్దుల వీపు తట్టి, అడగకుండానే ఇంకోమాట అంది. "గనీ బిడ్డా, నడుమ కొండ్ర సన్నగైనంక గీ ఉపాయం పారది. గీ చాలు గా చాలు అంటుకుంటయి. పోయేటిదేదో వచ్చేటిదేదో తెల్వది. గక్కడ ఎద్దులు పరేషానైతయి."

నా ఆరేళ్లలో రెండేళ్లు ఆ ఒక్క సంగతికే పోయాయి. పొరను ఒకచోట బాగా ఇరుకు చేస్తే రెండంచుల నడకలూ దగ్గరపడి, ఇటుది అటు దూకి వెనక్కి మళ్లుతుంది. మెట్టు చెదురుతుంది. ఆ భాగాన్ని నేను పాఠంలో రాయలేదు. ఎందుకు రాయలేదో తెలుసా? మా పిల్లలకు ఎక్కదేమోనని. పెద్దసారుకన్నా ముందు ఆ మాట అనుకున్నది నేనే. సిగ్గుతో నా మొహం మండిపోయింది. ఆమె ముందే ఏడ్చాను.

"ఏందే, బొమ్మకు ఏడుస్తరా? గీసుకో మళ్ల" అంది బాలమ్మ.

సోమవారం, హైదరాబాదు

బస్సులో దారిపొడుగునా ఒకటే గుంజాటన. బొమ్మను చడీచప్పుడు లేకుండా సరిచేసుకుంటే నా పరువు దక్కుతుంది, కానీ చేతిలో సాక్ష్యం ఉండదు. తప్పును బయటపెడితే సాక్ష్యం ఉంటుంది, కానీ తప్పున్న పాఠమని దాన్నే తీసేయొచ్చు. షాద్‌నగర్ దాటేసరికి తేల్చుకున్నాను. ఐదేళ్లుగా ఊరి మాట పడుతూ నాగలి పట్టిన మనిషి దగ్గర నేర్చుకుని వచ్చి, పరువు కోసం దాక్కుంటానా?

బల్లమీద ఏడుగురి ముందు ఏడు కాగితాలు పెట్టాను. పాత బొమ్మే.

"ఇందులో ఒక తప్పుంది. పట్టుకోండి సార్" అన్నాను.

ఒకాయన అక్షరదోషం అన్నారు. ఒకాయన చుట్లు గుండ్రంగా లేవన్నారు. పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. చివరికి నేనే చెప్పాను. మక్తల్ అని, బాలమ్మ అని, కొండ్ర అని, ఎద్దులు ఎటు మళ్లుతాయో కూడా చెప్పాను.

పెద్దసారు మొహం గంటు పెట్టుకున్నారు. "అంటే నీ పాఠంలో తప్పున్నట్టే కదమ్మా?"

"ఉన్నది సార్. అది నా తప్పే. నేను మూడుసార్లు సూసి దాటేసిన. మీరు గూడ మూడుసార్లు సదివిండ్రు." నా ఇంటి భాషను ఈసారి నేను ఆపుకోలేదు. "సమజ్ కానోళ్లు తలూపుతరు. సమజైనోళ్లే తప్పు పడ్తరు. మీరడిగిన సాక్ష్యం గిదే. ఇంకోటి, పాఠం ఇప్పుడు తొమ్మిది పేజీలు కాదు, పది. ఇరుకుల ఏమైతదో గూడ రాసిన. గది గూడ ఆమెనే చెప్పింది. తీసేస్తే పదీ తీసెయ్యుండ్రి, గనీ ఎక్కదు అన్న మాట మాత్రం ఇంకోపాలి అనకుండ్రి."

పెద్దసారు పెన్ను తీశారు. అడ్డంగా గీస్తారనుకున్నాను. ఆయన కింది అంచు బాణాల్ని ఒక్కొక్కటే కొట్టేసి, ఎడమకు తిప్పి గీశారు. నాలుగూ గీశాక తలెత్తకుండానే, "ఎప్పుడూ ఎడమకేనా ఆ ఎద్దులు?" అని అడిగారు.

"ఆ జత ఎప్పుడూ ఎడమకే సార్."

"పాఠం ఉండనీ" అన్నారు.

నేను అక్కడితో ఊరుకోలేదు. పుస్తకం మొదట్లో పాఠాలు సరిచూసినవాళ్ల పేర్లు వేస్తారు, పేరు పక్కన చదువు. అందులో బాలమ్మ పేరు ఉండాలన్నాను. గొణుక్కున్నారు గానీ కాదనలేకపోయారు. పేర్లు టైపు చేసే అతను నా వైపు తిరిగాడు.

"బాలమ్మ, మక్తల్. రాసిన మేడం. పక్కన చదువు ఏం పెట్టాలె?"

"దున్నుతది" అన్నాను. "గదే పెట్టు."